పెద్ద కంపెనీ అండ లేకుండా ఆనీ డిఫ్రాంకో ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారు? ఆ దారి ఇప్పుడు ఎవరికైనా సాధ్యమేనా?

మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. అమెరికన్ గాయని ఆనీ డిఫ్రాంకో ఏ పెద్ద రికార్డు కంపెనీతోనూ ఒప్పందం చేసుకోకుండా మూడు దశాబ్దాలకు పైగా ఎలా నిలబడ్డారన్నది మొదటిది. న్యూజెర్సీలో పెరిగి, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ సొంత పాటలు కట్టుకుని గిటారు మీద పాడుతున్న మీరు, ఒక కంపెనీ చూపిస్తున్న మూడు ఆల్బమ్‌ల ఒప్పందాన్ని కాదనుకుని ఆమె దారిలో వెళ్లవచ్చా అన్నది రెండోది. నేను అమెరికాలో చాలా కాలం సంగీత రాయల్టీల లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. ఒప్పందాలు చదవడం, ఏ పాట మీద వచ్చిన డబ్బు ఎవరికి ఎంత చేరాలో తేల్చడం నా రోజువారీ పని. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే దానికి సరైన జవాబు దొరికితే రెండోదాన్ని చాలావరకు మీరే తేల్చుకోగలరు.

ఆనీ డిఫ్రాంకో గురించి రాసేవారు చాలామంది ఆమెను కంపెనీలకు ఎదురు తిరిగిన ధీరవనితగా చూపిస్తారు. అది అబద్ధం కాదు, కానీ దానితో అసలు విషయం కనుమరుగవుతుంది. వచ్చిన ఒప్పందాన్ని వద్దనడం ఒక్క రోజులో అయిపోయే పని. ఆ మర్నాటి నుంచి జీవనం ఎలా సాగిందన్నదే తెలుసుకోవలసిన సంగతి. నా పరిశీలనలో ఆమెకు సొంత యాజమాన్యం వల్ల దక్కిన పెద్ద లాభం డబ్బు కాదు, వ్యవధి. తొలి ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోకపోయినా ఆమెను పక్కన పెట్టేవారు ఎవరూ లేరు. నాలుగేళ్ల కిందటి ఆల్బమ్‌ను ఇక అచ్చు వేయబోమని చెప్పే అధికారి కూడా లేడు. నెమ్మదిగా ఎదగడానికి అవసరమైన ఆ వ్యవధిని ఆమె ఎలా సంపాదించుకున్నారో, అందుకు ఏం వెచ్చించారో వివరిస్తాను.

ఆమె 1970 సెప్టెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో పుట్టారు. న్యూయార్క్ మహానగరానికి ఎంతో దూరంగా, కెనడా సరిహద్దును ఆనుకుని, ఉక్కు కర్మాగారాలు మూతపడి ఉద్యోగాలు పోయిన ఊరు అది. తొమ్మిదేళ్ల వయసులో గిటారు పట్టుకున్నారు. మైఖేల్ మెల్‌డ్రమ్ అనే స్థానిక జానపద గాయకుడు ఆమెను వెంటబెట్టుకుని ఊళ్లోని బార్లలో పాడించారు. పదిహేనేళ్లకే చట్టప్రకారం తల్లిదండ్రుల సంరక్షణ నుంచి విడివడి సొంతంగా బతకడం మొదలుపెట్టారు. ఆ తర్వాత న్యూయార్క్ చేరి న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో సెకూ సుండియాటా అనే నల్లజాతి కవి దగ్గర కవిత్వం నేర్చుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత, 2000లో, అదే గురువు ఆల్బమ్‌ను తన సంస్థ ద్వారా విడుదల చేశారు.

ఇరవై ఏళ్లు నిండే వేళకు, 1990లో, తన పేరుతోనే తొలి ఆల్బమ్ తెచ్చారు. దాన్ని విడుదల చేయడానికి పెట్టుకున్న సంస్థే తర్వాత రైచస్ బేబ్ రికార్డ్స్ పేరుతో ప్రసిద్ధమైంది. సంస్థ అనగానే ఆఫీసు, ఉద్యోగులు, పెట్టుబడి ఊహించుకోకండి. మొదట్లో అది క్యాసెట్ అట్ట మీద వేసుకున్న పేరు మాత్రమే. గిటారునూ క్యాసెట్లనూ కారులో వేసుకుని, తానే నడుపుకుంటూ ఊరూరా తిరిగి, కాఫీ హోటళ్లలో, బార్లలో, కళాశాలల్లో పాడి, కచేరీ అయ్యాక అక్కడే క్యాసెట్లు అమ్మేవారు. మహిళల సంగీతాన్ని దేశమంతటా చేరవేసే లేడీస్లిప్పర్, గోల్డెన్‌రాడ్ వంటి చిన్న పంపిణీ సంస్థలు ఆ క్యాసెట్లను దుకాణాలకు పంపాయి. పెద్ద పంపిణీదారు వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్లకు, కొనేవారు ఉన్నారని లెక్కల్లో తేలాకే. కచేరీలు ముందు, శ్రోతలు తర్వాత, వారి కోసం సంస్థ ఆ పైన. ఈ వరసను మీరు గుర్తుంచుకోవాలి. ముందుగా లేబుల్ రిజిస్టర్ చేయించి, లోగో గీయించుకుని, ఆ తర్వాత శ్రోతల కోసం వెతికేవారు తరచుగా ఆగిపోవడం నేను చూశాను.

హక్కుల విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకపోతే ఆమె కథలోని లెక్క అర్థం కాదు. రికార్డయిన ప్రతి పాటలోనూ రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. సాహిత్యమూ బాణీ కలిసినది ఒక ఆస్తి. దాని హక్కు మొదట రచయితకు, స్వరకర్తకు ఉంటుంది. ఆ పాటను ఒక రోజున ఒక స్టూడియోలో పాడి నమోదు చేసిన రికార్డింగు రెండో ఆస్తి. పరిశ్రమలో దీన్ని మాస్టర్ అంటారు. మామూలు రికార్డు ఒప్పందంలో కంపెనీ అడ్వాన్స్ ఇచ్చి మాస్టర్‌ను రాయించుకుంటుంది. ఆ అడ్వాన్స్‌నూ రికార్డింగు ఖర్చునూ కళాకారుడికి రావలసిన రాయల్టీలోంచే వసూలు చేసుకుంటుంది. ఖర్చంతా తీరిపోయాక కూడా మాస్టర్ కంపెనీ దగ్గరే ఉంటుంది. సొంత పొలాన్ని రాసిచ్చి, అదే పొలంలో కౌలుకు దిగి, విత్తనాల ఖర్చు కూడా మనమే పెట్టుకున్నట్టు ఉంటుంది ఆ ఏర్పాటు.

ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూడండి. కంపెనీ 50,000 డాలర్ల అడ్వాన్స్ ఇచ్చి, సీడీకి ఒక డాలరు చొప్పున రాయల్టీ ఇస్తుందనుకుందాం. మొదటి 50,000 సీడీలు అమ్ముడయ్యేదాకా గాయని చేతికి ఆ అడ్వాన్స్ తప్ప మరో పైసా రాదు. 40,000 దగ్గర అమ్మకాలు ఆగిపోతే కంపెనీ ఆమె ఖాతాలో బాకీ చూపిస్తుంది, రెండో ఆల్బమ్ రాయల్టీలోంచి ఆ బాకీని కోసుకుంటుంది. తొంభైలలో డిఫ్రాంకోకు ఆల్బమ్ ఒక్కింటికి 4.25 డాలర్లు మిగులుతున్నాయని మిస్ అనే స్త్రీవాద పత్రిక 1997లో రాసింది. ఆ లెక్కన అదే 40,000 ఆల్బమ్‌లకు 1,70,000 డాలర్లు వస్తాయి. పెద్ద కంపెనీ కళ్లలో నష్టం కింద లెక్కయ్యే అమ్మకమే ఇక్కడ ఒక గాయనికీ, ఆమెతో పనిచేసే కొందరికీ జీవనాధారమవుతుంది.

ఆ పత్రిక తనను ఇరవై ఒకటో శతాబ్దపు స్త్రీవాదులలో ఒకరిగా ఎంచినందుకు సంతోషించినా, మెచ్చుకోలును ఆల్బమ్‌కు మిగిలే డాలర్లతో కొలవడం ఆమెకు నచ్చలేదు. దాని మీద ఆ పత్రికకు సుదీర్ఘమైన బహిరంగ లేఖ రాశారు. తాను పాటలు పాడే మనిషినేగాని వ్యాపారవేత్తను కాననీ, రాజకీయాలనూ కళనూ పక్కన పెట్టి లాభం గురించే మాట్లాడడం తన పనిని తప్పుగా చదవడమనీ ఆ లేఖ సారాంశం. లెక్కల మనిషిగా నాకు ఆ 4.25 డాలర్లు ఆసక్తికరమే గానీ, ఆమె అభ్యంతరం న్యాయమైనదని నమ్ముతాను. ఎక్కువ మిగులుతుందన్న ఒక్క కారణంతో సొంత లేబుల్ పెట్టినవారికి, మొదటి రెండు మూడేళ్లలో ఏమీ మిగలదని తెలియగానే ఆసక్తి చచ్చిపోతుంది. తన మాట తాను చెప్పుకోవడానికి పెట్టుకున్న మనిషి కాబట్టే ఆమె ఆ ఏళ్లు దాటగలిగారు.

ఇక ఆమె వాద్యం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే సంస్థ ఆర్థిక పునాది అందులోనే ఉంది. ఆమె కుడిచేతి వేళ్లకు అతికించుకునే అక్రిలిక్ గోళ్లు పెట్టుకుని, అవి ఊడిపోకుండా కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టుకుంటారు. ఆ గోళ్లతో తీగలను మీటడమే కాదు, గట్టిగా లాగి వదిలి, అరచేతితో కొట్టి, మధ్యమధ్య నొక్కి ఆపి, ఒకే అకూస్టిక్ గిటారులోంచి మంద్రస్వరాన్నీ తాళాన్నీ స్వరమేళాన్నీ కలిపి రప్పిస్తారు. తీగలను మామూలు శ్రుతిలో ఉంచకుండా పాటను బట్టి మారుస్తుంటారు. గ్లాసుల చప్పుడూ మాటల రొదా నిండిన బారులో ఒంటరిగా నిలబడి పాడే అమ్మాయి వైపు జనం తలతిప్పాలంటే అలాంటి వాద్యమే కావాలి. దీని ఆర్థిక ఫలితం ఏమిటంటే, బ్యాండు అవసరం లేకుండా ఒక్క మనిషితో కచేరీ నిండుగా జరిగిపోయేది. తొంభైల మధ్యలో డ్రమ్మర్ యాండీ స్టోచాన్స్కీ ఒక్కరే ఆమెతో తిరిగారు. ఇద్దరు మనుషులకు ప్రయాణమూ బసా ఎంత అవుతుందో, అయిదుగురి బృందానికి ఎంత అవుతుందో వేసి చూస్తే, చిన్న హాళ్లలో పాడి కూడా ఆమె ఎలా మిగుల్చుకోగలిగారో తెలుస్తుంది.

1990 నుంచి 1999 దాకా దాదాపు ఏటా ఒక ఆల్బమ్, కొన్నేళ్లలో రెండేసి వచ్చాయి. పెద్ద కంపెనీలు ఇంత వేగాన్ని సాధారణంగా ఒప్పుకోవు. ఒక ఆల్బమ్ ప్రచారం పూర్తిగా పిండుకున్నాకే రెండోదానికి వెళతాయి. ఈమె వ్యాపారం ప్రచారం మీద నడవలేదు కాబట్టి ఆ అడ్డు లేదు. ఒక ఊళ్లో ఆమె పాట మొదటిసారి విన్న శ్రోత కచేరీ తర్వాత బల్ల దగ్గరికి వెళితే అక్కడ కొత్త ఆల్బమ్‌తో పాటు పాతవన్నీ ఉండేవి. 1995లో వచ్చిన నాట్ ఎ ప్రెటీ గర్ల్‌తో పెద్ద పత్రికలు ఆమెను గమనించాయి. 1996 నాటి డైలేట్, అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కించే బిల్‌బోర్డ్ జాబితాలో 87వ స్థానంలో అడుగుపెట్టింది. 1997లో లివింగ్ ఇన్ క్లిప్ అనే కచేరీ రికార్డింగుల జంట ఆల్బమ్ వచ్చింది, అది తర్వాత భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు అందుకుంది. 1998లో లిటిల్ ప్లాస్టిక్ కాజిల్ 22వ స్థానంలో మొదలైంది. 1990 నుంచి 1998 దాకా నిచ్చెన మెట్లన్నీ ఎలా కనిపిస్తున్నాయో చూడండి. పెద్ద కంపెనీలో ఇలాంటి గాయనికి మూడో మెట్టు దగ్గరే ఒప్పందం రద్దయ్యే అవకాశం ఎక్కువ.

పాట మీది హక్కు విలువ తెలిపే మంచి ఉదాహరణ కూడా ఆమె జీవితంలోనే ఉంది. 1995 ఆల్బమ్‌లోని థర్టీ టూ ఫ్లేవర్స్ అనే పాటను రెండేళ్ల తర్వాత అలానా డేవిస్ అనే గాయని ఒక పెద్ద కంపెనీ తరఫున తనదైన పద్ధతిలో పాడి విడుదల చేస్తే, అది అమెరికా తొలి నలభై పాటల్లోకి వెళ్లింది. ఆ రికార్డింగు డిఫ్రాంకోది కాదు, కానీ మూల రచన ఆమెది. ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు గానీ ప్రతి కాపీకీ రచయితకు చట్టం నిర్ణయించిన రేటు చెల్లించాలి. అప్పట్లో అది పాటకు దాదాపు 7 సెంట్లు. రేడియోలో మోగిన ప్రతిసారీ రచయితకు వేరే రాయల్టీ లెక్కకు వస్తుంది. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు రచయితకే చెల్లిస్తాయి, పాడినవారికీ మాస్టర్ యజమానికీ చెల్లించవు. అందుకే మీరు ఏం అమ్ముకున్నా రచన మీది పబ్లిషింగ్ హక్కులను చివరిదాకా పట్టుకోమని చెబుతాను.

మాస్టర్ చేతిలో ఉంటే దక్కే స్వేచ్ఛకు ఇంకో రుజువు ఉంది. 1993లోనే ఆమె మొదటి రెండు ఆల్బమ్‌లలోని కొన్ని పాటలను మళ్లీ రికార్డు చేసి లైక్ ఐ సెడ్ పేరుతో తెచ్చారు. 2007లో వచ్చిన కానన్ అనే సంకలనం కోసం కూడా కొన్ని పాత పాటలను కొత్తగా పాడారు. మామూలు ఒప్పందాల్లో కంపెనీకి పాడిన పాటను కొన్నేళ్లపాటు మళ్లీ రికార్డు చేయకూడదన్న నిబంధన ఉంటుంది. టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లను 2021 నుంచి మళ్లీ పాడవలసి వచ్చింది వాటి మాస్టర్లు పరుల చేతిలో ఉండడం వల్ల. డిఫ్రాంకో మళ్లీ పాడింది తన గొంతు మారిందని, చేయి తిరిగిందని. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ప్రిన్స్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మాస్టర్ల కోసం తన కంపెనీతో ఏళ్లతరబడి పోరాడి, చెంప మీద బానిస అని రాసుకుని తిరిగిన ఆ మహా కళాకారుడు 1999లో ఆమె ఆల్బమ్‌లో ఒక పాటకు గొంతు కలిపారు. అదే ఏడాది ఆయన ఆల్బమ్‌లో ఆమె గిటారు వాయించారు. ఆయనకు మాస్టర్ల మీద హక్కు తిరిగి దక్కింది 2014లో. ఆమె దాన్ని ఎన్నడూ వదులుకోలేదు.

నిర్మాతగా ఆమె పని గురించి నా అభిప్రాయం కొంచెం భిన్నం. అమెరికన్ సంగీతంలో ప్రొడ్యూసర్ అంటే మన సినిమాల్లోలా డబ్బు పెట్టేవారు కాదు. ఏ వాద్యం ఎక్కడ ఉండాలో, గొంతు ఎంత దగ్గరగా వినిపించాలో, ఏ టేకు ఉంచుకోవాలో నిర్ణయించే మనిషి. తన ఆల్బమ్‌లలో చాలావాటికి ఆమే ఆ పని చేసుకున్నారు. 2004 నాటి ఎడ్యుకేటెడ్ గెస్‌లో రచన, గానం, అన్ని వాద్యాలు, రికార్డింగు, మిక్సింగు అన్నీ ఒక్క చేతి మీదుగా జరిగాయి. ఆ ఆల్బమ్‌లో ఒంటరి గదిలోని ఆలోచన స్వచ్ఛంగా వినిపిస్తుంది. కానీ తొలినాటి ఆల్బమ్‌లు కొన్ని విన్నప్పుడు, పాటలోని బలం రికార్డింగులోకి పూర్తిగా రాలేదని నాకు అనిపిస్తుంది. గొంతు పలచగా, గిటారు కరుకుగా ఉంటుంది. వేదిక మీది వేడి టేపులోకి ఎక్కలేదు. అందుకే కచేరీల నుంచి తీసుకున్న లివింగ్ ఇన్ క్లిప్ ఆమె తొలి దశకు అసలైన అద్దమని నమ్ముతాను. అందులో తొలి ఆల్బమ్ నాటి బోత్ హ్యాండ్స్ పాటను బఫలో ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి పాడారు. ఏడేళ్ల కిందట ఒక్క గిటారుతో పుట్టిన పాట నిండు వాద్యబృందం మధ్య ఎలా నిలబడిందో వినండి. 2005లో నకల్ డౌన్ కోసం జో హెన్రీని సహనిర్మాతగా తీసుకున్నప్పుడు పాటలకు మధ్య గాలి ఆడినట్టయింది. 2024 ఆల్బమ్‌ను బీజే బర్టన్ అనే నిర్మాతకు అప్పగించారు. తన పని తానే చేసుకోగల మనిషి పక్కవారి చెవిని నమ్మడం నాకు ఎదుగుదలగానే కనిపిస్తుంది. తోటివారి కోసం ఆమె చేసిన నిర్మాణమూ తక్కువది కాదు. యూటా ఫిలిప్స్ అనే వృద్ధ కార్మికోద్యమ గాయకుడు వేదికల మీద చెప్పిన కథలను తీసుకుని, వాటికి కొత్త తాళవాద్యాలు జోడించి 1996లో ఒక ఆల్బమ్ చేశారు. సంఘం, సమ్మె, సరుకు రైళ్లలో తిరిగిన జీవితం గురించి ఆయన చెప్పిన మాటలు ఇరవై ఏళ్ల కుర్రవాళ్లకు చేరాయంటే అది ఆమె చలవే.

సంస్థ పెరిగినకొద్దీ ఆమె దాన్ని న్యూయార్క్‌కో లాస్ ఏంజెలెస్‌కో తరలించలేదు. మేనేజర్ స్కాట్ ఫిషర్‌తో కలిసి బఫలోలోనే ఆఫీసు నడిపారు. ఆ ఊరి నడిబొడ్డున పందొమ్మిదో శతాబ్దపు మెథడిస్ట్ చర్చి ఒకటి శిథిలమై కూల్చివేతకు సిద్ధంగా ఉంటే, దాన్ని తీసుకుని బాగుచేయించి, పెద్ద కచేరీ హాలు, హాల్‌వాల్స్ అనే కళాకేంద్రం, తన సంస్థ ఆఫీసు అందులో ఉండేలా ఏర్పాటు చేశారు. ఇప్పుడు దాన్ని బేబ్‌విల్ అంటారు. ఆల్బమ్ అట్టల మీద కూడా అంతే శ్రద్ధ పెట్టారు. 2003 నాటి ఇవాల్వ్ అట్ట రూపకల్పనకు డిజైనర్ బ్రయన్ గ్రూనర్ట్‌తో కలిసి గ్రామీ అందుకున్నారు.

రైచస్ బేబ్ ఇతరులకూ ఇల్లయింది. గాయకుడు, వయొలిన్ వాద్యకారుడు ఆండ్రూ బర్డ్ ఆల్బమ్‌లు కొన్ని అక్కడి నుంచి వచ్చాయి. అన్నిటికన్నా చెప్పుకోదగినది అనాయిస్ మిచెల్ అనే గాయని రాసిన హేడీస్‌టౌన్. గ్రీకు పురాణకథను పాటలుగా మలచిన ఆ ఆల్బమ్‌ను 2010లో విడుదల చేసింది ఈ సంస్థే. డిఫ్రాంకో తోటి వాద్యకారుడు టాడ్ సికాఫూస్ దానికి నిర్మాత. అందులో పాతాళ రాణి పెర్సెఫనీ పాత్రకు పాడింది డిఫ్రాంకోనే. అదే 2019లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే మీద నాటకమై, ఉత్తమ సంగీత నాటకంతో సహా 8 టోనీ నాటక పురస్కారాలు గెలిచింది. 2024లో డిఫ్రాంకో స్వయంగా బ్రాడ్‌వే వేదికెక్కి అదే పెర్సెఫనీ పాత్ర పోషించారు. ఒక చిన్న సంస్థ వెంటనే లాభం అడగకుండా ఒక రచనను ఓపికగా నిలబెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంతవరకు చదివి ఇదంతా సుఖంగా సాగిందనుకోకండి. కచేరీల మీదే ఆధారపడిన వ్యాపారం శరీరం మీద ఆధారపడిన వ్యాపారం. ఆ తీవ్రమైన వాద్యశైలి వల్ల చేతిలో కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు వాచి, 2005లో దాదాపు తొమ్మిది నెలలు ఆమె కచేరీలు మానుకోవలసి వచ్చింది. అదే ఏడాది కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచెత్తినప్పుడు రిప్రీవ్ ఆల్బమ్ రికార్డింగు అక్కడే సగంలో ఉంది; ఊరు ఖాళీ చేసి వెళ్లి, తర్వాత మాస్టర్లను అక్కడి నుంచి తెచ్చుకుని పని పూర్తి చేశారు. మాస్టర్ మీదే అయితే దాన్ని కాపాడుకునే పూచీ కూడా మీదే. 2013లో మరో రకం దెబ్బ తగిలింది. లూసియానాలో ఒకప్పుడు బానిసలతో నడిచిన నాటవే తోటలో పాటల శిబిరం ప్రకటించినందుకు, ముఖ్యంగా నల్లజాతి స్త్రీల నుంచి తీవ్రమైన విమర్శ వచ్చింది. శిబిరాన్ని రద్దు చేస్తూ ఇచ్చిన మొదటి ప్రకటన సమర్థన ధోరణిలో ఉండడంతో కోపం ఇంకా పెరిగింది. తర్వాత సూటిగా క్షమాపణ చెప్పారు. న్యాయం కోసం పాడే మనిషి నుంచి శ్రోతలు ఆశించేది ఎక్కువ. ఆ సందర్భంలో వారి కోపం సరైనదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. తొంభైల నాటి పరిస్థితి యథాతథంగా లేదు. సీడీ అమ్మి నాలుగు డాలర్లు మిగుల్చుకునే రోజులు పోయాయి. స్పాటిఫై వంటి సేవల్లో ఒక్క వినికిడికి సెంటులో చిన్న వంతు మాత్రమే వస్తుంది. 2024 నుంచి, ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినని పాటకు స్పాటిఫై అసలేమీ చెల్లించడం లేదు. అయితే పంపిణీ మాత్రం ఆమె కాలం కన్నా చాలా తేలికైంది. ఏ గోడౌనూ లేకుండా మీ పాట ఒక్క రోజులో ప్రపంచమంతా చేరుతుంది. పైగా ఇంటర్నెట్ రేడియో వంటి సేవల నుంచి సౌండ్ ఎక్స్చేంజ్ అనే సంస్థ వసూలు చేసే డబ్బులో 50 శాతం మాస్టర్ యజమానికి, 45 శాతం ప్రధాన గాయకులకు, 5 శాతం తోటి వాద్యకారులకూ గాయకులకూ వెళుతుంది. మాస్టర్ కూడా మీదే అయితే మొదటి రెండు వాటాలూ మీవే, కానీ గాయనిగానూ యజమానిగానూ రెండు విధాలా నమోదు చేసుకోవాలి. చాలామంది ఒకదాంతో సరిపెట్టుకుని రెండో వాటాను వదులుకుంటున్నారు. రచయితగా, పాట రేడియోలోనూ వేదికల మీదా మోగినందుకు రాయల్టీ వసూలు చేసే ఆస్కాప్‌లోనో బీఎంఐలోనో చేరడం, స్ట్రీమింగ్ సేవల నుంచి రచయితల వాటా వసూలు చేస్తూ 2021 నుంచి పనిచేస్తున్న మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్‌లో పాటలు నమోదు చేయడం కూడా ఇప్పుడే చేయండి.

ఇది చదివేవారిలో ఎఫ్-1, హెచ్-1బి వీసాల మీద ఉన్నవారికి ఒక మాట. డబ్బు తీసుకుని వేదిక మీద పాడడం వీసా అనుమతించని ఉద్యోగంగా లెక్కకు రావచ్చు. తెలుగు సంఘాల సంబరాల్లో పాడినా సరే, పారితోషికం తీసుకునే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. అలాగే మీరు ఎప్పుడైనా తెలుగు సినిమాకు పాట రాస్తే, భారతదేశంలో 2012 నాటి కాపీరైట్ సవరణ ప్రకారం రచయితకూ స్వరకర్తకూ రావలసిన రాయల్టీ వాటాను ఒప్పందంలో వదులుకునేలా చేయడం చెల్లదని గుర్తుంచుకోండి.

మీ చేతిలో ఉన్న ఒప్పందం గురించి చూడకుండా తీర్పు చెప్పలేను గానీ, ఏం చూడాలో చెప్పగలను. మూడు ఆల్బమ్‌లు అని రాసినంత మాత్రాన కంపెనీ మూడూ విడుదల చేస్తుందని కాదు. సాధారణంగా మొదటిదే ఖాయం, మిగతా రెండూ కంపెనీ ఇష్టం, కానీ మీరు మాత్రం వేరే చోటికి వెళ్లకూడదు. మాస్టర్‌ను శాశ్వతంగా రాసివ్వకుండా కొన్నేళ్ల లైసెన్స్‌గా ఇవ్వడానికి వారు ఒప్పుకుంటారేమో అడగండి. ఒక ఆల్బమ్ బాకీని మరో ఆల్బమ్ రాబడి నుంచి కోసుకునే నిబంధన ఉందా, కచేరీల్లో, టీషర్టుల అమ్మకాల్లో వాటా అడుగుతున్నారా, పబ్లిషింగ్ మీద చేయి వేస్తున్నారా అన్నవి చూడండి. వర్క్ మేడ్ ఫర్ హైర్, అంటే మీ రికార్డింగును మొదటి నుంచీ కంపెనీదిగానే లెక్కించే మాట, ఉంటే న్యాయవాదికి చూపించకుండా సంతకం పెట్టవద్దు. అమెరికా చట్టంలో 35 ఏళ్ల తర్వాత హక్కులను వెనక్కి తీసుకునే వీలు రచయితలకూ కళాకారులకూ ఉంది, ఆ మాట దానికి అడ్డుపడవచ్చు.

నన్ను సూటిగా అడిగితే, ఒక ఏడాది సంతకాన్ని వాయిదా వేయండి. ఆ ఏడాదిలో మీ ఊరి నుంచి కారులో మూడు నాలుగు గంటల్లో చేరగల చోట్లన్నిటా పాడండి. ఫిలడెల్ఫియా, బ్రూక్లిన్, న్యూ హేవెన్, బాల్టిమోర్ అన్నీ మీకు ఆ దూరంలోనే ఉన్నాయి. ప్రతిచోటా విన్నవారి ఈమెయిల్ తీసుకుని, ఆరు నెలల తర్వాత అదే ఊళ్లో మళ్లీ పాడి, వారిలో ఎంతమంది తిరిగి వచ్చారో రాసి పెట్టుకోండి. ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే మీకు కంపెనీ అవసరం తక్కువ, కంపెనీకే మీ అవసరం ఎక్కువ, అప్పుడు నిబంధనలు మీరు చెప్పవచ్చు. పెరగకపోతే ఆ ఒప్పందం కూడా దాన్ని పెంచలేదు. అడ్వాన్స్ ఖర్చయిపోయి, మాస్టర్లు మాత్రం వారి దగ్గర మిగులుతాయి. ఒప్పందం ప్రతిలో పేర్లు తీసేసి పైన చెప్పిన నిబంధనలున్న పేరాలు మాత్రం ఇక్కడ పెడితే, ఒక్కొక్కటిగా చదివి నాకు తెలిసినంత వివరిస్తాను.